సూర్యాపేటకు పోయిన తెలుగు మిషను

ఒక మనిషి ఒక్క రోజులనే మిర్యాలగూడను, సూర్యాపేటను, కోదాడను మూడింటిని ఎట్ల పరేషాన్ చేయొచ్చో నేను చేసి చూపించిన. దొంగతనం చేయలే, కొట్లాట పెట్టుకోలే, ఎలక్షన్ల నిలబడలే. టైపు పరీక్ష రాయనీకె పోయిన, అంతే. చాయ్ పెట్టుకొని కూసోండి, చెప్త. తాగేటప్పుడు మాత్రం నవ్వకుండ్రి. చాయ్ ముక్కులకెక్కితే నాకు సంబంధం లేదు.

అప్పుడు నాకు ఇరవై దాటి కొన్నేండ్లు. మాది వేములపల్లి. మిర్యాలగూడల ఒక రైసు మిల్లుల కంప్యూటర్ ఆపరేటర్‌గ చేస్తుంటి. ఆపరేటర్ అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. వడ్ల లారీ కాంటా ఎక్కంగనే బరువు కొట్టాలె, చిట్టీ తియ్యాలె, డ్రైవర్ చేతుల పెట్టాలె. లారీకి లారీకి నడుమ దొరికిన టైముల నేను ఫోన్ల యుద్ధం చేస్తుంటి. నలుగురం కలిసి ఒక దీవిల దిగి, కనబడ్డోన్నల్ల కాల్చే ఆట. మా గ్యాంగుకు లీడర్ మధుగాడు. నిడమనూరోడు, నాతోని డిగ్రీ చదివినోడు. మామూలు బతుకుల దుకాణానికి పోయి ఉల్లిగడ్డలు తెమ్మంటే ఎల్లిగడ్డలు తెచ్చే మనిషి, గేముల మాత్రం మిలటరీ జనరల్ లెక్క ఆర్డర్లు ఏస్తుండె.

ఇట్ల హాయిగ యుద్ధాలు చేసుకుంటున్న టైముల, టైపు లోయర్ పరీక్ష పాసైతే కోర్టుల ఉద్యోగానికి పెట్టుకోవచ్చని ఎవరో మా అమ్మకు చెప్పిండ్రు. అమ్మ ఆ మాటను నాకంటే ముందు ఊరికి చెప్పింది. నేను ఇన్‌స్టిట్యూట్‌ల ఫీజు గూడ కట్టకముందే మా గల్లీల నన్ను "కోర్టు సారు" అనుడు మొదలైంది. మొదటిసారి పరీక్ష తప్పినంక గూడ అట్లనే పిలిచిండ్రు, కాకపోతే పిలిచినంక జర నవ్వుతుండ్రి. రెండోసారి గూడ తప్పితే ఇగ ఊర్ల తిరుగుడు కష్టం.

మా లింగయ్య సార్ ఇన్‌స్టిట్యూట్ మిర్యాలగూడ బస్టాండు దగ్గర్నే ఉండె. ఇంటింటికి కంప్యూటర్లు వచ్చినా ఈ పరీక్ష మాత్రం పాత ఇనుప మిషను మీదనే రాయాలె. పైగా ఎవరి మిషను వాళ్లే మోసుకపోవాలె. పెండ్లికి పిలిచి కుర్చీ ఇంటికాన్నించి తెచ్చుకోమన్నట్టు ఉంటది. సార్ నా చేతి ఏళ్ల దిక్కు చూసి రోజు ఒకటే మాట అంటుండె.

"పదేళ్లు ఉన్నయిరా నరేషూ నీకు. రెండు బొటనేళ్లే డ్యూటీ చేస్తున్నయి. మిగిలిన ఎనిమిది లీవుల ఉన్నయి."

పరీక్షకు సెలవడుగుతే మా మిల్లు సేటు ముఖం మాడ్చిండు. "వడ్ల సీజన్ల సెలవా? పో. మల్ల తప్పినవంటే ఆ టైపు మిషన్ను, నిన్ను కలిపి కాంటా ఎక్కిచ్చి ఒకటే చిట్టీ కొడ్త" అన్నడు.

పరీక్ష రోజు పొద్దున్నే ఇన్‌స్టిట్యూట్‌కు పోయిన. పోతె పోయిన, చెవుల ఇయర్‌ఫోను పెట్టుకొని, ఫోన్ల యుద్ధం నడుపుకుంట పోయిన. పరీక్ష టెన్షన్ తగ్గాల్నంటే ఒక ఆట ఆడాలె అని నా సిద్ధాంతం. టెన్షన్ ఎంతుంటే అన్ని ఆటలు. ఆ రోజు టెన్షన్ చాన ఉండె.

తలుపు కాడ రెండు మిషన్లు ఉన్నయి. రెండింటికి ఒకటే తీరు నీలం రెక్సిన్ కవర్లు. సార్ బ్రష్షు నోట్ల పెట్టుకొనే చెప్పిండు.

"ఎడమ దిక్కుది నీది, ఇంగ్లీషుది. కుడి దిక్కుది విజయమ్మది, తెలుగుది. సమజైందా?"

"ఆఁ సార్."

అదే టైముకు రెండో చెవుల మధుగాడు దీవి నుంచి అరుస్తుండు. "రైటుకు సూడరా, రైటుకు. రైటుకున్నది తీస్కో, జల్ది తీస్కొని ఉరుకు."

వాడు చెప్పింది తుపాకి గురించి. నాకున్నది ఒక్క మెదడు, దానికి వచ్చినయి రెండు ఆర్డర్లు. అది జనరల్ మాట ఇన్నది. రైటుకున్నది తీస్కున్న, జల్ది తీస్కొని ఉరికిన.

ఈ విజయక్క ఎవరో చెప్పాలె. ఆమె పుట్టిల్లు కోదాడ, మిర్యాలగూడల కోడలు. ఒక బడి ఆఫీసుల పని చేస్తుండె. తెలుగు టైపు పాసైతే నౌకరి గట్టిపడతదని నేర్చుకుంటుండె. తెలుగోళ్లకు సెంటర్ కోదాడల పడ్డది, ఆమెది పొద్దుటి బ్యాచి. ఇంగ్లీషోళ్లకు సూర్యాపేట, నాది మధ్యాహ్నం బ్యాచి. నేను పోయినంక ఆమె వచ్చి మిగిలిన మిషను ఎత్తుకొని కోదాడ బస్సెక్కింది. ఎత్తుకపోయింది నా ఇంగ్లీషు మిషనని ఆమెకు తెల్వదు. నా ఒళ్లె కూసున్నది ఆమె తెలుగు మిషనని నాకు తెల్వదు.

సూర్యాపేట బస్సుల కండక్టర్ వచ్చిండు. "ఏంది గది? కుట్టు మిషనా?"

"టైపు మిషనన్నా."

"గవి ఇంకా ఉన్నయా?" అనుకుంట కవరు మీద ఏలుతోని కొట్టి చూసిండు. "జర తెరువు, సూస్త."

తెరిచి చూపిస్తే కథ ఆడనే ఖతం అయితుండె. కని నేను దీవిల గోడ చాటుకు దాక్కొని ఉన్న, చేతులు ఖాళీ లెవ్వు. "పరీక్ష మిషనన్నా, తెరవొద్దు" అని చెప్పిన. మీరు గమనించాలె, దేవుడు కండక్టర్ రూపంల వచ్చి తెరువుమంటే వద్దన్న మనిషిని నేను.

సెంటర్ ఒక బడిల. పొద్దుటి బ్యాచి లోపల రాస్తుండ్రు, టకటక సప్పుడు రోడ్డు దాకా ఇనబడుతుంది. టెన్షన్ తగ్గనీకె ఇంకొక ఆట ఆడిన. ఇంకొకటి ఆడిన. ఫోన్ల చార్జింగ్ అయిపోయి తెర నల్లగైంది. ఇగ చేసేది లేక, మెట్ల మీద కూసొని కవరు తీసి, కాయితం ఎక్కిచ్చి, జర ఏళ్లు తిప్పుదామని నాలుగు అక్షరాలు కొట్టిన.

ఒకదానికి కొమ్ము పడ్డది. ఇంకోదానికి సున్న పడ్డది. మూడోదానికి ఏదో ఒత్తు ఒంటరిగ వచ్చి కాయితం మీద నిలబడ్డది, తప్పిపోయిన పిల్ల లెక్క.

పక్కనున్న ప్యూను వంగి చూసిండు.

"తెలుగు పరీక్ష కోదాడల కదా?"

"నాది ఇంగ్లీషే అన్నా."

"మరి గిదేంది?"

ఆయన ఫోన్ అడిగి తీస్కున్న, బటన్లున్న పాత ఫోన్. తీస్కున్నంక తెలిసింది, నాకు ఒక్కరి నంబరే నోటికొస్తదని. అమ్మది.

"అమ్మా, నేను."

"నేనంటే ఎవరు?"

"నీ కొడుకును."

"నా కొడుకు పరీక్ష రాస్తుండు. గిసొంటి ఫోన్లు వస్తయని టీవీల చెప్పిండ్రు. పెట్టెయ్." పెట్టేసింది.

మల్ల చేసిన. "అమ్మా, పెట్టకు. నరేష్‌నే."

"నరేష్‌వే అయితే పొద్దుగాల ఏం తిన్నవో చెప్పు."

"ఉప్మా తిన్న. నీళ్లెక్కువైనయన్న. నువ్వు అలిగినవ్."

అవుతల నుంచి "నీళ్లు కరెక్టే పోసిన" అన్నది. నమ్మిందని సమజైంది. సార్ కాడికి ఫోన్ చేసి, విజయక్క నా మిషను ఎత్తుకపోయిందని చెప్పమన్న. ఎత్తుకపోయింది ఆమె కాదు నేను, కని అప్పుడు అంత వివరంగ చెప్పే టైము లేదు. అమ్మ ఇంకా ఏదో అంటనే ఉంది, నేను ఫోన్ ఇచ్చేసిన.

అప్పుడు నా బుర్రల ఒక ఆలోచన మెరిసింది. నా జీవితంల మెరిసినయన్ని ఇట్లనే మెరిసినయి. కోదాడ గంటల చేరొచ్చు. నేనే పోయి మిషను మార్చుకొస్త. పాపం విజయక్క తెలుగు మిషను లేక ఏడుస్తుంటది గావొచ్చు, ఆమె పరీక్ష గూడ నేనే కాపాడిన అయితది. మిషను ఎత్తుకొని రోడ్డెక్కి కోదాడ బస్సు పట్టిన.

నేను బస్సెక్కినంక ఆ ప్యూను ఫోనుకు అమ్మ మల్ల చేసిందంట. "మా వాన్ని కదలకుండ ఆడనే కూసోమను బిడ్డా, సార్ విజయమ్మకు చెప్పిండు, మిషను ఆడికే వస్తుంది" అన్నదంట. ప్యూను మంచోడు, గేటు దాకా ఉరికొచ్చిండంట. అప్పటికి నేను కిటికీ పక్కన గాలి పోసుకుంట, నన్ను నేను మెచ్చుకుంటున్న.

మునగాల స్టేజీల మా బస్సు ఆగింది. రోడ్డుకు అవుతల దిక్కు, సూర్యాపేట పోయే బస్సు ఆగి ఉంది. దాని కిటికీల ఒక ఆడమనిషి, ఆమె ఒళ్లె నీలం రెక్సిన్ కవరు. విజయక్క.

నేను మెడ బయటికి పెట్టి, మిషను ఎత్తి చూపించిన. ఆమె గూడ చూసింది. చేతిని గాల్ల గుండ్రంగ తిప్పి, ఎనక్కి చూపించి, మల్ల కిందికి చూపించింది. ఎనక్కి తిరుగు, కింద దిగు అని ఆమె చెప్పింది. ఎనక, అంటే కోదాడల, నీ మిషను కింద పెట్టొచ్చిన అని నేను అర్థం చేసుకున్న. మరి ఆ ఒళ్లెది ఎవరిదని మీరు అడుగుతరు. నాకు ఆ అనుమానం కోదాడ బస్టాండుల దిగినంక వచ్చింది. బస్సులు కదిలేటప్పుడు మాత్రం బొటనేలు ఎత్తి, సరే అక్కా అన్నట్టు నవ్విన. ఆమె రెండు చేతులతోని తలకాయ పట్టుకున్నది.

కోదాడ సెంటర్ల ఒక మేడం తలుపు కాడ నిలబడి ఉంది.

"మేడం, విజయ గారని తెలుగు టైపు..."

"ఆవిడ రాసేసి వెళ్లిపోయిందయ్యా. మిషను మారిందని చూసుకుని, వేరే బ్యాచి అమ్మాయిని అడిగి తీసుకుంది. చక్కగా రాసింది. ఎవరో కుర్రాడు సూర్యాపేటలో మిషను లేక ఏడుస్తున్నాడంట, పాపం, అన్నం కూడా తినకుండా పట్టుకుపోయింది." నా చేతుల్ల నీలం కవరు దిక్కు చూసింది. "నువ్వేనా?"

"నేనే మేడం" అన్న.

పక్కోన్ని అడగాలె. గింతే. సూర్యాపేటల పొద్దుటి బ్యాచోళ్లు నా కండ్ల ముందే ఇంగ్లీషు మిషన్లు మోసుకొని బయటికొస్తుంటే, వాళ్ల నడుమల నుంచే దారి చేసుకొని నేను కోదాడ బస్సుకు ఉరికిన.

మల్ల బస్సు. సూర్యాపేట సెంటర్‌కు చేరేసరికి నా బ్యాచి లోపలికి పోయి తలుపులు పెట్టేసిండ్రు. విజయక్క మెట్ల మీద కూసొని ఉంది. పొద్దట్నుంచి తినని మనిషి, చెమటకు తడిసిపోయింది. తిడతదనుకున్న.

"తిన్నావా?" అనడిగింది.

"లేదక్కా."

"నేనూ తినలా. ముందు నీ సంగతి చూద్దాం పా."

ఆమెనే లోపలికి పోయి సూపరింటెండెంట్ సార్‌తోని మాట్లాడింది. ఏం చెప్పిందో తెల్వదు కని, ఆ సార్ బయటికొచ్చి, అడవిల దొరికిన జంతువును చూసినట్టు నన్ను చూసిండు.

"కోదాడ దాకా ఎందుకు పోయినవయ్యా?"

"మిషను కోసం సార్."

"గీడ ఇంత మంది కాడ ఉన్నయి కద?"

"అప్పుడు ఆలోచన రాలే సార్."

ఆఖరి బ్యాచిల ఒకరు రాలేదు. ఆ జాగల నన్ను కూసోబెట్టిండు. ప్యూను నా ఫోన్ తీస్కొని చార్జింగ్ పెట్టిండు, విజయక్క తన తెలుగు మిషను తీస్కొని కోదాడ పుట్టింటికి బస్సెక్కింది. ఇగ నేను రాసిన. పొద్దట్నుంచి మోసీ మోసీ చేతులు పడిపోయినయి, బొటనేళ్లకు అప్పుడు గేమ్ సోకు లేదు. లీవుల ఉన్న ఎనిమిదేళ్లు డ్యూటీకొచ్చినయి. ఏదో పూనినట్టు కొట్టిన.

బయటికొచ్చేసరికి మనసు దూది లెక్క తేలిపోతుంది. మిర్యాలగూడ బస్సుల సీటు దొరికింది, మిషను కాళ్ల కాడ పెట్టుకున్న. మధుగాడు ఫోన్ చేసిండు.

"ఎట్ల రాసినవ్‌రా?"

"దంచిన."

"అయితే ఒక ఆట. ఒక్కటే."

పరీక్ష అయిపోయింది, టెన్షన్ లేదు. టెన్షన్ లేనప్పుడు సంతోషానికి ఆడాలె కద.

మిర్యాలగూడల దిగిన. యుద్ధం చివర్ల ఉంది, మా గ్యాంగుల నేనొక్కన్నే బతికున్న. తలెత్తకుండనే ఇన్‌స్టిట్యూట్ దాకా నడిచిన, గుమ్మం కాడ ఆఖరోన్ని కాల్చి ఆట గెలిచిన. లోపల లింగయ్య సార్, మా అమ్మ ఎదురుచూసుకుంట కూసున్నరు. అమ్మ కొంగుతోని ముఖం తుడుచుకుంది. సార్ లేచి నిలబడ్డడు.

"రాసినవా?"

"మస్తు రాసిన సార్. ఒక్క తప్పు పోలే."

"శభాష్. ఆ మిషన్ గాడ పెట్టి కూసో, నీళ్లు తాగు."

నేను నా చేతులు చూసుకున్న. రెండు చేతుల నడుమ ఫోన్ ఉంది.

సార్ గూడ నా చేతులు చూసిండు. అమ్మ చూసింది. కొంచెంసేపు ముగ్గురం నా చేతులనే చూసినం. అప్పటికి ఆ బస్సు మిషన్ను తీస్కొని డిపోకు పోయింది.

తెల్లారి డిపోల దొరికింది లెండి. పరీక్ష గూడ పాసైన. లింగయ్య సార్ మాత్రం ఆ రోజు నుంచి రిజల్టు వచ్చేదాకా, తీగతోని కట్టేసిన మిషను మీదనే నన్ను ప్రాక్టీస్ చేయనిచ్చిండు.

అందుకని నేను, వేములపల్లి నరేష్‌ను, తల్లి సాక్షిగ, సార్ సాక్షిగ, మిర్యాలగూడ డిపో సాక్షిగ ప్రమాణం చేస్తున్న. ఈ జన్మల మల్ల ఎన్నడు, నా ప్రాణం పోయినా సరే, గేమ్ ఆడుకుంట బస్సు దిగ. ఆట అయిపోయేదాకా బస్సులనే కూసుంట.