ఏరొచ్చిన పొద్దు

ఎన్నేళ్లుగానో ఒక అబద్ధం మోస్తున్నాను. ఒక్క మాటే. దాని బరువు మాత్రం తగ్గడం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఊరు కొండల కింద, చంపావతి పక్కన. అక్కనిచ్చిన ఊరు అదే ఏటికి దిగువన, నెల్లిమర్ల దాటాక. వేసవిలో ఏరు ఎండితే అక్కా బావా ఇసకలో దోసపాదులు పెట్టేవారు. కొండల్లో వాన పడినా వాళ్లకక్కడ ఎండే కాస్తుంటుంది. ఆ నీళ్లు మా ఊరు దాటి వాళ్లని చేరడానికి ఒక పూట పడుతుంది. అందుకే ఏట్లో ఎర్రనీళ్లు కనబడగానే ఫోన్ చేసేదాన్ని. "ఏరొచ్చేస్తన్నాది, గట్టెక్కీయండి" అనేదాన్ని.

ఆ ఏడు మా గృహప్రవేశానికి అక్క రాలేదు. కాయ కోతకొచ్చిందట, పాదులు వదిలి రాలేనంది. కోపం ముక్కు మీదుండే మనిషిని నేను. మాటలు మానేశాను. తర్వాత ఒక పొద్దున్న బట్టలుతకడానికి వెళితే ఏట్లో ఎర్రనీళ్లు, నురగ. ఫోన్ చేతిలోనే ఉంది. ముందు తననే చెయ్యనీ అనుకున్నాను. పాదులే ఎక్కువైతే పాదుల్నే చూసుకోనీ అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? అనుకున్నాను. ఆ నీళ్లు ఏం చేస్తాయో నాకు తెలియక కాదు; ఎవరో ఒకరు కేకేస్తారులే, బావ చూసుకుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను.

మధ్యాహ్నం పాదుల్లో ఉన్న అక్కని ఏరు పట్టుకుపోయింది. బావ అన్నానికి గట్టెక్కాడు గనక మిగిలాడు. అక్క మర్నాడు తుమ్మపొదల్లో దొరికింది.

పెద్దకర్మ నాడు బావ నా పక్కన కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వు ఏటికాడికెల్లలేదు కదేటి, అమ్మీ?"

"నేదు బావా."

"నానూ అందరికీ అదే సెప్తన్నాను. అది సూసుంటే ఫోన్ సేయకుండా ఉంటాదేటి, అని."

తిట్టి ఉంటే ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. ఆ నమ్మకమే నన్ను తినేస్తోంది. ఇప్పటికీ కొండ మీద మబ్బు పడితే ఫోన్ చేస్తాను. బావ ఇసకలో సాగు ఎప్పుడో మానేశాడు, అయినా ఎత్తి "సరే అమ్మీ" అంటాడు. ఎవరిని గట్టెక్కించడానికి చేస్తున్నాను? ఒక్కోసారి అవతల రింగవుతుంటే అక్కే ఎత్తుతుందనిపిస్తుంది. భయమేస్తుంది. ఎత్తితే బాగుణ్ణనీ అనిపిస్తుంది.

బావకి చెప్పే ధైర్యం నాకు లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. ఇక్కడొక్కచోట మాత్రం అబద్ధమాడను. ఆ పొద్దు నేను ఏటి దగ్గరికి వెళ్లాను. చూశాను.