ఒక సాలుకు ఒక పాట

పత్తి తీసే రోజుల్లో కొత్త పాటల మీద తీర్పు చెప్పేది మా అమ్మ. పెద్దకడుబూరు వైపు చేలల్లో పని చేసే మా గుంపు పదిమందికీ ఆమే పెద్ద. స్పీకరు నా నడుముకు కట్టి ఉంటుంది. కొత్త పాట వస్తే ఒక్క సాలు పొడుగునా, అవతలి గట్టు దాకా మోగించాలి. చేతులు జోరుగా ఆడితే పాట ఉంటుంది. చేతులు ఆగితే ఫోన్లోంచి తీసేయాలి. పేపర్లో పాటల గురించి రాసేవాళ్లెవరికీ ఇంత తేలికైన కొలత దొరికినట్టు లేదు.

ఈసారి మొదట వచ్చింది ఒక హీరో పాట. తానెంత గొప్పవాడో ఆయనే చెప్పుకున్నాడు, ఇంకెవరూ చెప్పరన్న అనుమానం ఉందేమో. కానీ డప్పు బాగుంది, సాలు తొందరగా అయిపోయింది. "మాటలు ఇనొద్దండి, డప్పు ఇనండి" అని అమ్మ పాస్ చేసింది. రెండోది ప్రేమలో ఓడిపోయిన కుర్రాడి ఏడుపు. పిల్ల వదిలేసి పోయిందట, అందుకని తాగుతున్నాడట. "ఆ పాప తెలివైంది" అంది అమ్మ. పాట పోయింది. మూడోది పల్లెపాట అని పేరు పెట్టుకుంది. వీడియోలో అమ్మాయి నల్లరేగడిలో తెల్లచీర కట్టుకుని పత్తి తీస్తుంది, పాట అయిపోయినా ఒడి ఖాళీగానే ఉంటుంది. నాకు ఒళ్లు మండింది. అమ్మ వీడియోలు చూడదు కాబట్టి అది బతికిపోయింది.

నాలుగోది నా చెల్లెలిది. ఆదోనిలో బట్టల షాపులో పని చేస్తుంది, ఆదివారం చర్చిలో పాడుతుంది. తనే రాసుకుని, ఎవరిదో చిన్న స్టూడియోలో పాడి నాకు పంపింది.

"సేన్లో పెట్టక్కా. నాదని సెప్పొద్దు. అమ్మ వద్దంటే యూట్యూబులో పెట్టను."

"నీ గొంతు అమ్మకు తెల్దా?"

"తెలిసినా మొగమాటం పడదు. అందుకే పెట్టమనేది."

పాట సుగ్గి గురించి. మా చిన్నప్పుడు ప్రతి ఏడూ అమ్మ మమ్మల్ని అవ్వ దగ్గర వదిలి, లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేది. ఆ పోవడాన్నే మేం సుగ్గి అంటాం. పాటలో లారీ కదులుతుంది, చిన్నపిల్ల వెంట పరుగెత్తుతుంది, అమ్మ వెనక్కి తిరిగి చూడదు. అంతే. డప్పు కూడా లేదు.

సాలు సగంలోనే చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ సుగ్గికి పోయి వచ్చినవాళ్లే. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. అమ్మ వంచిన తల ఎత్తలేదు.

"తీసెయ్ దాన్ని. చేతులు ఆడ్తా లేవు."

తీసేశాను. అమ్మ మీద చాలా కోపం వచ్చింది. తాగుబోతు కుర్రాడికీ నా చెల్లెలికీ ఒకటే న్యాయమా అనుకున్నాను. మళ్లీ హీరో పాటే పెట్టాను.

మధ్యాహ్నం గట్టు మీద సద్దులు విప్పాక అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"దాని పాట పెట్టు. ఇప్పుడు చేతులతో పని ల్యా."

చెల్లెలు పంపిన మెసేజ్ వెతికి పెట్టాను. అమ్మ చివరిదాకా వింది. ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"బాగ పాడింది. యూట్యూబులో పెట్టుకోమను. ఒక మాట మాత్రం తప్పు రాసింది, అది మార్సమను. నేను యెనక్కి తిరిగి సూసినాను. దానికి కనపళ్లా."

అక్కడి నుంచే చెల్లెలికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎంత దూరం సూసిందంటక్కా, అడుగు" అంది.

అడిగాను.

"గోనెగండ్ల దాటేదాంకా" అంది అమ్మ.

మా ఊరి నుంచి గోనెగండ్లకు లారీలో గంట పైనే పడుతుంది. అంత దూరం నుంచి ఏం కనిపించిందని మేమిద్దరం అడగలేదు.