బ్లాస్టింగ్ యాళ్లకు ఇంటర్వ్యూ

మా బాపు రిటైర్ అయ్యే ఏడాది నాకు కంటి మీద కునుకు లేదు. గోదావరిఖనిల నౌకరి ఉన్నన్ని రోజులే కంపెనీ క్వార్టర్. బాపు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల పంపు ఆపరేటర్, అడుగున ఊరే నీళ్లను పైకి తోడుతడు. ఆయన దిగిపోయేలోపు, కిరాయి ఇల్లన్న తీసుకునేటందుకు నాకు నౌకరి దొరకకపోతె సామాన్లు సదురుకొని తల్లిగారి ఊరికి పోవుడే అని అవ్వ రోజూ అంటుండె.

డిగ్రీ అయినంక నేను ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌ల మొదటి మెట్టు సర్టిఫికెట్ చేసిన. అనుభవం లేనోళ్ల కోసమే పెట్టిన పరీక్ష అది. పాసైతె నౌకరి నడుసుకుంట వస్తదనుకున్న, నా పిచ్చి గాని. హైదరాబాద్ కంపెనీలకు పంపితె జవాబే లేదు. ఒకరిద్దరు ఫోన్ చేసి, "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అని అడిగి పెట్టేసిండ్రు. అనుభవం లేనోళ్ల సర్టిఫికెట్ పట్టుకున్నదాన్ని అనుభవం అడిగితె ఏం చెప్పాలె? ఒళ్లు మండేది. మా అక్క మొగుడు ఒకటే ఎక్కిరిచ్చుడు. "ఫ్రేమ్ కట్టిచ్చి దేవుని అర్రల పెట్టు మరదలా, అగర్‌బత్తి నేను తెస్త," అంటడు బావ.

ఆఖరికి బాపు పనిచేసే ఓపెన్‌కాస్టుల్నే పైపులైన్లు వేసే ఒక కాంట్రాక్టరు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ప్లానింగ్ అసిస్టెంట్ పోస్టు. షేర్ ఆటోల పోయిన. తెల్ల మీసాల మేనేజర్ సారు నా కాయిదాలు తిరగేసి, "చానమంది పంపిండ్రు. గీ సర్టిఫికెట్ నీకొక్కదానికే ఉన్నది, గందుకే పిలిచిన. గాని దాన్ని చూసి నౌకరి ఇయ్య," అన్నడు. తెల్ల కాయిదం ముందటికి జరిపిండు. క్వారీ, అంటె గని గుంత, అడుగున పంపుకున్న పాత పైపు తీసి కొత్తది వెయ్యాలె, ఒక్క డ్యూటీ పూటల అయిపోవాలె, ఎవలు ఎప్పుడు ఏం చెయ్యాలెనో రాయి అన్నడు.

మొదట పెన్ను మూత తీసుడు, పెట్టుడే అయింది. రాసినకొద్ది ధైర్యం వచ్చింది. ఏది ముందు, ఏది ఎన్క, క్రేన్ ఎప్పుడు, వెల్డర్లు ఎప్పుడు, ఎవలకు ఖబర్ చెయ్యాలె, పుస్తకంల ఉన్నదంత దించిన. పనిల ఏడ సందు లేకుంట గీతలు కలిపిన. పైపు మారినంతసేపు పంపు ఆపరేటర్ కింద పంపు కాడనే ఉండాలె అని రాసి, దాని కింద గీత గూడ గీసిన.

సారు సదివి కాయిదం పక్కకు పెట్టిండు. నాకు గుబులు మొదలైంది. చాయ్ తెప్పిచ్చిండు. గ్లాసు ముట్టుకున్ననో లేదో బయట బ్లాస్టింగ్ సైరన్ మోగింది.

గనిల అందరు దూరం పోయినంక రాయి పేలుస్తరు, ఆ అదురుకు మా ఇండ్లు ఊగుతయి. రోజూ మధ్యాహ్నం ఉన్నదే. సైరన్ ఇనవడితె అవ్వ అల్మారిల గిన్నెలు పట్టుకుంటది, నేను టీవీ పట్టుకుంట, ఎవలూ ఎవలకు చెప్పే పని లేదు. ఆఫీసుల గూడ నా చెయ్యి దానంతట అదే గ్లాసును గట్టిగ పట్టుకున్నది. కిటికీ అద్దాలు గజగజమన్నయి. సారు నా చెయ్యి దిక్కు చూసిండు, ఎన్క కాయిదం దిక్కు చూసిండు.

"గీ యాళ్లకు నీ ప్లాన్ల క్వారీల ఎవలెవలున్నరు బిడ్డా?"

చూసిన. క్రేన్ డ్రైవరు, వెల్డర్లు. కింద గీత గీసి మరీ, పంపు ఆపరేటర్. నేను ఆడ నిలబెట్టింది మా బాపును. చిన్నప్పటి సంది రోజూ టీవీ పట్టుకున్న పోరిని, పుస్తకంల లేదని ఆ యాళ్లనే మర్చిపోయిన. సిగ్గు తర్వాత సంగతి, ముందుగాల భయమైంది.

కాయిదం మళ్ల ఇయ్యుమన్న. "టైం అయిపోయింది," అన్నడు సారు.

"నౌకరి ఇయ్యకున్రి సార్, ఇది మాత్రం మార్చనియ్యున్రి," అన్న.

జరిపిండు. రాసిందంత కొట్టేసి, బ్లాస్టింగ్ కాడ మొదటి గీత గీసిన. దానికంటె ముందుగాల పంపు బంద్ కావాలె, అందరు పైకి రావాలె, మనుషుల లెక్క చూసుకోవాలె, బ్లాస్టింగ్ అయినంకనే మళ్ల దిగాలె. చూస్తె పని ఒక్క పూటల అయ్యేటట్టు లేదు. రెండో పూటకు పోతదని అదే రాసిన. సారు అడిగింది ఒక్క పూట గదా, ఇగ పోయింది నౌకరి అనుకుంట లేచిన.

ఇంటికొస్తె బాపు డ్యూటీ దిగి వచ్చి నల్లా కాడ కాళ్లు కడుక్కుంటున్నడు. "ఏమైంది బిడ్డా, సర్టిఫికెట్ అక్కరకొచ్చిందా?" అన్నడు. ఆయన కాళ్ల దిక్కు చూసుకుంట ఏడ్చిన. నౌకరి రాలేదనుకొని నా నెత్తి నిమిరి, "పోతె పోనియ్యి, ఫికర్ చెయ్యకు," అన్నడు.

ఆ వారంల్నే ఫోన్ వచ్చింది, చేరుమన్నరు. ఇప్పుడు పక్క క్వార్టర్ల పోరగాండ్లు, ఆ సర్టిఫికెట్ చేస్తె నౌకరి వస్తదా అక్కా అని అడుగుతరు. పిలుపు వస్తది, అక్కడి నుంచి మీ తిప్పలు మీరు పడాలె అని చెప్త.

నౌకరిల చేరినంక నా మొదటి ప్లాన్ల, బ్లాస్టింగ్ కంటె ముందు పైకి రావాల్సినోళ్లల్ల అందరికంటె ముందుగాల బాపు పేరు రాసిన. ఆ మధ్యాహ్నం సైరన్ మోగేటందుకు ఇంక టైమున్నది. బాపు నెత్తి మీద టోపీ తియ్యకుంటనే మా ఆఫీసు కిటికీ కాడికి వచ్చి నిలబడి, "వచ్చిన మేడం, రాసుకో," అన్నడు.