పింక్ రంగు వచ్చిన మధ్యాహ్నం

నేను వేసింది చిటికెడు ఉప్పు. దాని బరువు ఇన్నేళ్లుగా నా గుండె మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

సికింద్రాబాద్‌లో ఎమ్మెస్సీ చదివే రోజులు. ల్యాబ్‌లో నా పక్క బల్ల మంజులది. వాళ్ల నాన్నకు బొల్లారంలో బర్రెల కొట్టం ఉండేది. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ కొట్టం మట్టిలో ఉన్నాయని చూపించడమే ఆమె ప్రాజెక్టు. క్లాసంతా ‘పేడ ప్రాజెక్టు’ అని ఏడిపించేది. ఆ బ్యాక్టీరియా పెరగడం మహా నిదానం. మట్టి కలిపిన ఫ్లాస్కుల్లోంచి రోజూ ఓ చుక్క తీసి, తెల్ల పలక మీద మందు కలిపి చూసేది. నైట్రైట్ ఉంటే గులాబీ రంగు రావాలి. రాలేదు. సోమవారంలోగా రాకపోతే వేరే అంశం తీసుకోమన్నారు గైడ్ మేడమ్. ఆ రోజు మంజుల టిఫిన్ డబ్బా తెరవలేదు.

అందరూ క్యాంటీన్‌కు వెళ్లాక, చేతికందిన ఫ్లాస్కుల్లో తలా చిటికెడు సోడియం నైట్రైట్ ఉప్పు వేశాను. జాలితోనా? ప్రేమతోనా? ఆమె నవ్వు చూడాలన్న నా స్వార్థం కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ మధ్యాహ్నమే మంజుల మళ్లీ చుక్క తీసి చూసింది.

“జెర ఇటు చూడు! పింక్ అయింది! మా కొట్టం మట్టిల సుత ఉన్నయి!”

“నేను చెప్పలేదా?”

“నువ్వొక్కనివే నమ్మినవ్.”

మర్నాడు వాళ్ల పాలతోనే చేసిన కోవా తెచ్చి అందరికీ పంచింది. వాళ్ల నాన్న కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ ఫ్లాస్కులను చాలాసేపు చూశాడు. ఆ కోవా రుచి, స్టేషన్ వైపు నుంచి వినిపించే రైలు కూతలు, ఎండ పడే మా కిటికీ, అన్నీ ఎంతో ఇష్టంగా గుర్తొస్తాయి. సిగ్గుపడాల్సిన రోజులు ఇంత తియ్యగా ఎందుకుంటాయి?

ఇక్కడివరకూ చెప్పడం తేలికే.

వెనక వరుసలో ఒక ఫ్లాస్కులో నేనేమీ వేయలేదు. కొన్ని వారాల తర్వాత గాజు సామాను కడిగే వంతు నాదైనప్పుడు, ఊరికే అందులోంచి ఓ చుక్క తీసి పరీక్షించాను. గులాబీ రంగు వచ్చింది. ఆమె మట్టి, ఆమె బ్యాక్టీరియా, నా ఉప్పు అవసరం లేకుండానే. వెంటనే పిలవాల్సింది. పిలిస్తే, మిగతావి అంత ముందే ఎలా మారాయని అడుగుతుంది కదా. సింకులో పారబోసి కొళాయి తిప్పాను.

మంజుల ఇప్పుడు లెక్చరర్. మొన్న బేగంపేటలో కనిపించింది. ఓపిక గురించి చెప్పాల్సి వస్తే స్టూడెంట్లకు ఆ మధ్యాహ్నం గురించే చెబుతుందట. నవ్వి తలూపాను. ఏం మనిషిని నేను?

ఆమె నిజంగానే గెలిచింది. ఆ సంగతి ఇన్నాళ్లూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకు కూడా తెలుసు. కాస్త ఊపిరాడుతోంది.