మంచినీళ్ళు ముట్టని చుట్టం

నా చిన్నప్పుడు నాకు ఊరంటే గల్ఫ్‌లో, ఫుజైరాలో మేముండే మూడంతస్తుల బిల్డింగే. అమ్మానాన్నలది నెల్లూరు జిల్లా. వాళ్ళిద్దరూ “మా ఊళ్ళో” అని మొదలుపెట్టారంటే నాకు లోపల కుళ్ళుగా ఉండేది. చెప్పుకోవడానికి నాకేముంది, మెట్లు, కింద బకాలా అనే కిరాణా కొట్టు, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు తప్ప. అందుకే ఎవరి ఊరి కబుర్లయినా సరే, చెవులు రిక్కించి వినేదాన్ని.

పక్కింటి అక్కది ఉత్తరాదిలో గంగ ఒడ్డున ఉన్న పెద్ద ఊరు. పెళ్ళయి, పోర్టులో పనిచేసే మొగుడి వెంట వచ్చింది. వచ్చిన ఏడాదికే అక్కడ వాళ్ళ నాన్న పోయాడు. అక్క వెళ్ళలేకపోయింది. పగలంతా మా అమ్మ దగ్గర కూర్చుని, ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది.

ఒకరోజు బకాలాలో ఆమె మాట విని, అక్కడే ఉన్న ఒక పెద్దాయన ఏ ఊరమ్మా నీది అని అడిగాడట. ఆయన కొండరాళ్ళ క్వారీలో టిప్పరు నడిపేవాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. కానీ ఆ ఊరు ఎంత పెద్దదంటే ఆయన ఉండే తూర్పు వాడకీ, అక్క పుట్టిన పడమటి వాడకీ మధ్య నడిస్తే కాళ్ళు నొప్పులు పుడతాయి. అక్కడ ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అయినా ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం ఆయన పళ్ళు తీసుకుని వచ్చేవాడు. అందరికీ ఆయన చాచా.

చాచా ఊరి కబుర్లు చెబితే నేను అన్నం కూడా మర్చిపోయేదాన్ని. వెనకెప్పుడో వరదలకు ఊరు పోగొట్టుకున్న ఒకాయన, ఎద్దులు ఎక్కడ పడుకుంటే అక్కడే ఇల్లు కడతానని బయలుదేరాడట. ఆయన కొడుకుల పేర్లే ఒక్కో వాడకి నిలిచిపోయాయట. పొలం గట్ల దగ్గర తలలు పగలగొట్టుకునే ఇళ్ళు కూడా, ఊళ్ళో ఆడపిల్ల పెళ్ళి అంటే ఆ రోజు పాలు అమ్మేవి కావట. ప్రతి ఇంటి పాలూ పెళ్ళింటికే. “నీ పెళ్ళికి నేను లేను గానీ, మా గేదె పాలు వచ్చే ఉంటాయి” అన్నాడు ఒకసారి. అక్క నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అంత ఆప్యాయంగా ఉండే మనిషి అక్క ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. కాసేపు కూర్చుని, మా ఇంటికి వచ్చి నీళ్ళడిగి తాగేవాడు, టీ తాగేవాడు. మేం ముస్లిములం, ఆయన హిందువు. ఈ లెక్క మా అమ్మకి అంతుపట్టలేదు.

“ఏందే ఇది, మనింట్లో టీ తాగతాడు, ఆ పిల్లింట్లో నీళ్ళు గూడా తాగడు. ఏం తప్పు జేసిందో పాపం” అని నాతో గొణిగేది.

చివరికి అక్కే చెప్పింది. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో పుట్టింటివాళ్ళు ఏమీ తినరు, తాగరు. ఇచ్చిన చోటు నుంచి తీసుకోకూడదు. పైగా వాళ్ళ ఊళ్ళో ఒక ఇంటి ఆడపిల్ల ఊరందరికీ కూతురే. నీళ్ళు తాగకపోవడమంటే ఆయన తనని కూతురనుకున్నట్టేనని చెప్పి, అలా చెబుతూనే ఏడ్చింది. ఎందుకంటే చాచా వీసా క్యాన్సిల్ చేయించుకుని వచ్చేవారమే శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు. నాన్నకి చివరగా ఒక్క రొట్టె కాల్చి పెట్టలేకపోయింది. ఈయనకైనా తన చేత్తో ఒక్కపూట పెట్టుకోవాలని ఆమె ఆశ. అడిగితే కాదనక తప్పదు ఆయనకి, అది ఆమెకీ తెలుసు.

మా అమ్మ ఆ రాత్రంతా ఏం ఆలోచించిందో గానీ, శుక్రవారం పొద్దున్నే గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. ఇంట్లో మాంసం వండలేదు. మేం అన్నం తినేవాళ్ళం, అందుకని కొత్తగా గోధుమపిండి, నెయ్యి, చివరికి రొట్టెల కర్ర కూడా కొనుక్కొచ్చింది. అక్కని పిలిచి మా పొయ్యి అప్పగించింది. ఉప్పు తక్కువైందని నేను అక్క ఇంటికి పరిగెత్తి డబ్బా తెస్తే, అమ్మ గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపింది.

“ఆ ఇంటి ఉప్పురాయి గూడా ఈ గడప దాటగూడదు” అంది.

చాచా వచ్చాడు. రొట్టెల వాసనకి గుమ్మంలోనే ఆగాడు. వంటింట్లో అక్కని చూసి ఆయన ముఖం వాడిపోయింది. మా అమ్మ తన నెల్లూరు హిందీలో ధైర్యంగా చెప్పుకొచ్చింది, పిండి మాది, గ్యాసు మాది, ఇల్లు మాది, చేయి ఒక్కటే మీ ఊరిదని. పెద్దాయన గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. నీళ్ళెవరివని అడిగాడు. మావేనంది అమ్మ. నేను ఊరుకోక, రెండిళ్ళకీ మిద్దె మీద ట్యాంకు ఒకటేనని చెప్పేశాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. అక్క చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది.

చాచా నన్ను కాసేపు చూసి, “ట్యాంకు బిల్డింగు ఓనరు అరబ్బుది బేటీ. ఆయన నా అల్లుడు కాడులే” అని చాప మీద కూర్చున్నాడు.

ఆయన తిన్నాడు. అక్క ఒక్కో రొట్టె వేడిగా తెచ్చి వేస్తుంటే చాలనకుండా తిన్నాడు. తింటూ తింటూ మధ్యలో ఆగి కళ్ళు ఒత్తుకున్నాడు. అక్క ఆ రోజు ఏడవలేదు. ఆమె అంత నెమ్మదిగా, తృప్తిగా వడ్డించడం నేను మళ్ళీ చూడలేదు. మా అమ్మ మాత్రం వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడింది.

వెళ్ళేముందు సంచిలోంచి ఓణీ తీసి అక్కకి ఇచ్చి, తల మీద చెయ్యి పెట్టాడు. మరొకటి తీసి నా భుజం మీద వేశాడు. నువ్వు మాత్రం మా ఊరి పిల్లవి కావా అన్నాడు. పెళ్ళయ్యాక మా ఇంటికి రావాలి చాచా అన్నాను.

“వస్తాను. కానీ మీ ఇంట్లో మంచినీళ్ళు తాగను.”

ఇప్పుడు నాకూ పెళ్ళయి పిల్లలున్నారు. మా ఆయన ఉద్యోగం వల్ల షార్జాలో ఉంటున్నాం. చాచా మళ్ళీ కనిపించలేదు. అక్క ఎప్పుడైనా ఫోన్ చేస్తే, ఉన్నాడట, ముసలివాడైపోయాడు, ఊరి చావడిలో కూర్చుని ఫుజైరా కొండల గురించి చెబుతుంటాడట అంటుంది. నేను చూడని ఆ ఊరి మీద నాకు బెంగ. తూర్పు వాడ ఎటుందో ఇప్పటికీ వేలితో చూపించగలననిపిస్తుంది.

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇస్తాను, అది మా అమ్మ అలవాటు. అందరూ తాగుతారు. ఏదో ఒక శుక్రవారం ఆ పెద్దాయన తలుపు తట్టి, నేనిచ్చిన గ్లాసు చూసి, వద్దు బేటీ అని పక్కన పెట్టాలని నా కోరిక.