ఎర్రగా కాల్చిన రాగి ప్యాకింగ్

1962 నవంబరులో ప్రభుత్వ ఆయిల్ ఇంజన్ల మరమ్మతు విభాగంలో మెకానికల్ సూపర్‌వైజరుగా నన్ను ఒంగోలులో వేశారు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. బావుల దగ్గర నీళ్ళు తోడే అయిదు గుర్రాల శక్తి ఇంజన్లను తనిఖీ చేయడం, చెడిపోతే బాగుచేయడం, గుంటూరులో ఉండే అసిస్టెంట్ ఇంజనీరు గారికి వారం వారం రిపోర్టు పంపడం నా పని.

సిలిండరుకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య పెట్టే పల్చటి రేకును హెడ్ గ్యాస్కెట్ అంటారు. రైతులు ప్యాకింగ్ అనేవారు. లోపలి పేలుడు ఒత్తిడి బయటికి పోకుండా, చల్లబరిచే నీళ్ళు లోపలికి దిగకుండా ఆపేది అదే. ఒత్తిడి లేని చిన్న మూతలకైతే దళసరి అట్ట చాలు. అట్టను మూత మీద పరిచి, గుండుతల సుత్తితో అంచుల వెంట మెల్లగా కొట్టుకుంటూ పోతే ఆ ఆకారమే తెగి చేతికొస్తుంది. హెడ్ గ్యాస్కెట్ సంగతి వేరు. ఒకసారి విప్పినదాన్ని మళ్ళీ వాడకూడదని మా మాన్యువల్‌లో ఉంది. నేనా మాన్యువల్‌ను కంఠస్థం చేసి ఉద్యోగంలో చేరినవాణ్ణి.

డిసెంబరులో యేసురత్నం మాస్టారు సైకిలు మీద మా ఆఫీసుకు వచ్చారు. మిషన్ బడిలో రిటైరై, ఒంగోలుకు పడమరగా ఉన్న తమ ఊళ్ళో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశారు. “ఇంజను నీళ్ళలో బుడగలొస్తున్నాయండీ. తిప్పీ తిప్పీ భుజాలు పడిపోతున్నాయి గానీ అంటుకోవట్లేదు” అన్నారు. వెళ్ళి చూస్తే తోటంతా పూత మీదుంది. ఆకులు ముడుచుకుని, పాదుల్లో పూలు రాలి ఉన్నాయి.

హెడ్ విప్పాను. ఒకే రాగి రేకుతో చేసిన గ్యాస్కెట్ అది. చిట్లలేదు, కాలలేదు. బిగుసుకుపోయి గట్టిపడింది, అంతే. కొత్తది మద్రాసు నుంచి రావాలి. మూడు వారాలు పడుతుందని స్టోర్సు వాళ్ళు చెప్పారు. తోట వారం కూడా ఆగేలా లేదు. నా దగ్గరున్న ఆస్బెస్టాస్ రేకును కత్తిరించి పెట్టాను. ఇంజను అరగంట నడిచి, ఫట్టుమని పక్క నుంచి పొగ కక్కి ఆగిపోయింది. పొగగొట్టం దగ్గర వాడే రేకు పేలుడుకు ఆగదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. మాస్టారి ముఖం చూడటానికి సిగ్గనిపించింది.

రాగి రేకు దొరుకుతుందేమోనని ఆ ఊళ్ళోనే బిందెలు, కాగులు బాగుచేసే వీరమ్మ కొట్టానికి వెళ్ళాం. యాభై ఏళ్ళ మనిషి. భర్త పోయాక కొలిమి తనే నడుపుతోంది. కొలతకు తెచ్చిన పాత గ్యాస్కెట్‌ను తీసుకుని గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది.

“కొత్తదెందుకు బాబూ? ఇది మోగుతోంది చూడండి. మోగే రాగి వంగదు. మెత్తబరిస్తే సరి.”

నేను వద్దనేలోపే దాన్ని బొగ్గుల్లో పెట్టి తిత్తి ఊదింది. ఎర్రబడగానే పట్టకారుతో తీసి నీళ్ళ తొట్టి వైపు తిరిగింది.

“అమ్మా, నీళ్ళలో వెయ్యకు! ఇంకా గట్టిపడుతుంది!” అని అరిచాను.

“అది ఇనుము సంగతి బాబూ. ఇది రాగి” అంటూ ముంచేసింది.

చింతపండుతో నలుపు తోమి నా చేతిలో పెట్టింది. తడిబట్టలా వాలిపోయింది. ట్రెయినింగులో ఉక్కును కాల్చి ముంచడం నేర్పారు. రాగి తీరు అందుకు పూర్తిగా వ్యతిరేకమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇలా ఎన్నిసార్లు చేయవచ్చని అడిగాను. “చిట్లేదాకా” అంది.

గ్యాస్కెట్ నలిగి పలచబడితే పిస్టను హెడ్‌కు తగిలే ప్రమాదముంది. అందుకని హెడ్ నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించి, నూనె చిమ్మే ఇంజెక్టరు రంధ్రంలోంచి సీసం తీగ దించి, ఫ్లైవీలును చేత్తో ఒక చుట్టు తిప్పాను. పిస్టనుకూ హెడ్‌కూ మధ్య నలిగిన తీగ మందం కొలిస్తే మాన్యువల్ చెప్పిన హద్దులోనే ఉంది. ఇంజను రెండో తిప్పుకే అందుకుంది. నీళ్ళలో ఒక్క బుడగ లేదు. మాస్టారు కాలవ గట్టు మీద కూర్చుని, నీళ్ళు చివరి సాలు చేరేదాకా లేవలేదు. మొదటి పూత పోయింది గానీ తోట నిలిచింది.

జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాశాను. నియమం ఎందుకు తప్పానో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఆస్బెస్టాస్ రేకు సంగతితో సహా అన్నీ ఒప్పుకుంటూ జవాబిచ్చాను. అసిస్టెంట్ ఇంజనీరు గారు స్వయంగా వచ్చి, వీరమ్మ చేత ఇంకో పాత గ్యాస్కెట్ కాల్పించి, వంచి చూశారు. “మనవాళ్ళెవరూ దీన్ని గోటితో కొట్టి చూడలేదేమిటయ్యా?” అన్నారు. కొత్తది దొరకనప్పుడు, ఒకే రాగి రేకైతే, సీసం తీగ పరీక్ష చేసి వాడవచ్చని కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. అందులో వీరమ్మ పేరు లేదు, స్థానిక పనివారి సలహా అని ఉంది. పేరు రాయమని నేను పట్టుబట్టలేదు. పట్టుబట్టి ఉండవలసింది.

వేసవిలో మరో ఊరి రైతు తన ప్యాకింగ్‌ను కూడా కాల్చిపెట్టమన్నాడు. అది రెండు రాగి పొరల మధ్య ఆస్బెస్టాస్ కూరినది. ఒకసారి అణిగిన ఆ ఆస్బెస్టాస్ మళ్ళీ పొంగదు. కుదరదన్నాను. “మాస్టారికైతే చేశారు, నాకెందుకు చెయ్యరు?” అని గట్టిగానే పోట్లాడాడు. అంచు విప్పి లోపలి పొర చూపించాక తగ్గాడు.

మాన్యువల్‌లోని నియమం తప్పు కాదు. అది ఆ పొరల గ్యాస్కెట్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఆ తర్వాత సర్వీసులో ఏ నిషేధం ఎదురైనా, అది ఏ వస్తువును చూసి రాశారో ముందు కనుక్కుని, ఆ తర్వాతే పాటించేవాణ్ణి.