గొట్టాలన్నీ పాసైన చెరువు

గుడివాడ దగ్గర ఒక ఊరి మంచినీళ్ల చెరువు పాడైపోవడంలో నా చెయ్యి ఉంది.

బందరులో ఒక ల్యాబులో నీళ్లు పరీక్షించే ఉద్యోగం నాది. ఆ ఊరికి ఎగువన చేపల చెరువులవాళ్లు వాడేసిన నీళ్లను గొట్టాలతో కాలవలోకి తోడేవారు. ఊరి చెరువు నిండేది ఆ కాలవ నీళ్లతోనే. ఒక్కో గొట్టం దగ్గర సీసా పట్టి, మురుగు పరిమితి దాటిందా లేదా చూడమన్నది నిబంధన. సంతకానికి మనిషి ఉండాలి కాబట్టి ముందురోజే యజమానులకు ఫోన్ చేసేవాణ్ణి.

"రా బావా, పులుసు పెట్టిస్తాను" అనేవారు.

నేను వెళ్లేసరికి గొట్టాల్లోంచి తేటనీళ్లు వస్తుండేవి. ఎందుకొస్తున్నాయో నాకు తెలుసు. తెలిసే చేపల పులుసు తిని వచ్చేవాణ్ణి.

ఒకసారి పై అధికారి రెండు పద్ధతులు పోల్చి నోటు రాయమన్నారు. ఇప్పట్లాగే గొట్టం దగ్గర కొలవడమా, లేక చెరువునే కొలిచి, అది తట్టుకోలేనప్పుడు గొట్టాలన్నీ మూయించడమా. రెండోదే సరైనదని తెలిసి కూడా "రెండింటికీ లాభనష్టాలున్నాయి" అని రాశాను. రెండోదొస్తే నన్ను బావా అని పిలిచేవాడుండడు. పాత పద్ధతే నిలిచింది.

ఈ వేసవి కాలవలకు నీళ్లు కట్టేశాక, ఆ చెరువు నీళ్లు ఊరికి వదిలే పెద్దాయన ఒక సీసా పట్టుకుని ల్యాబుకొచ్చాడు. నీళ్లు చిక్కగా, పచ్చగా ఉన్నాయి.

"గొట్టాలన్నీ పాసయ్యాయంట కదా బాబుగారూ, మరి చెరువెందుకు ఫెయిలయిందండీ?"

పరీక్షించాను. నీళ్లలో నాచు వదిలిన విషం ఉంది, తాగడానికి పనికిరావు. మర్నాడు ఫలితం కాగితం తీసుకుని వెళ్లేసరికి ఆయన వాల్వు దగ్గరున్నాడు. ఎదురుగా కుళాయిల ముందు బిందెలు బారులు తీరి ఉన్నాయి.

"వదలకండి" అన్నాను.

"మరేం తాగమంటారండీ? కాలవలొదలడానికి ఇంకా నెల పైనే ఉంది."

"ట్యాంకర్లు అడుగుదాం."

"ఎవర్ని? మీ పులుసు బావల్నా?"

ఆయన వాల్వు తిప్పాడు.

చంకన పసిపిల్లతో ఉన్న ఒకావిడ నా చేతిలో కాగితం చూసి, "నీళ్లు బానే ఉన్నాయాండీ?" అని అడిగింది.

"కాచి తాగమ్మా" అన్నాను.

ఆ నాచు విషం కాచినా పోదని ఆ కాగితంలో రాసింది నేనే. ఆవిడ తలూపి, కుళాయి కింద బిందె పెట్టింది.